చిక్కడపల్లికి ఆయ్

పలివెల,
14-6-2025, శనివారం.

రేవతీ,

అత్తయ్య దీవెనలు. నువ్వు హైదరాబాదు బస్సెక్కి వారం దాటింది. ఇంకా నా చేతిసంచీ నీ దగ్గరే ఉండిపోయింది. అందులో నా కళ్ళజోడు గుడ్డ ఉంది, పారెయ్యకు.

మొన్న మీ నాన్న నీకు ఫోను కలిపి నా చేతికిచ్చాడు. ఏదో చెబుతున్నావని తెలిసింది గానీ ఏం చెబుతున్నావో తెలియలేదు. ఎదుటివాళ్ళ పెదాలు కనిపిస్తేగాని నాకు మాట అందదు కదా. బొమ్మ కనిపించే ఫోనులో అయితే నీ పెదాలు ఒకచోట, మాట ఒకచోట ఉన్నాయి. అందుకే ఉత్తరం రాయమన్నాను. మీ నాన్నకీ అదే మేలు. ఫోనులో మీ తండ్రీకూతుళ్ళు "తిన్నావా", "తిన్నాను" తప్ప ఇంకో ముక్క మాట్లాడుకోరు. సోమవారాలు వాడి షికారు బోటుకి బేరం ఉండదు కాబట్టి దిండి నుంచి వచ్చి, నీ ఉత్తరం నాచేత చదివించుకుని వెళతానన్నాడు.

నిన్ను పంపడానికి వాడినెలా ఒప్పించానో నీకు పూర్తిగా తెలియదు. "ఆడపిల్లనొక్కదాన్నీ అంత ఊళ్ళో వదలటవేటక్కా, రాజోల్లో లాబులు లేవా?" అని రెండు నెలలు నా ప్రాణం తోడేశాడు. "దాని సంగతి నేను చూసుకుంటాను, నాదీ పూచీ" అన్నాక మెత్తబడ్డాడు. అదీ పూర్తిగా కాదు. "ఆషాఢం వెళ్ళేదాకా చూస్తాను. అప్పటికక్కడ కుదురుకోకపోతే నేనే వెళ్ళి తీసుకొచ్చేస్తాను" అన్నాడు. వాడు అన్నాడంటే చేస్తాడు. కాబట్టి కుదురుకో.

సుబ్బరాజుగారి పైగది బాగుందనుకుంటాను. ఆయన మన రాజోలు మనిషి, మర్యాదస్తుడు. ఆ కాలనీలో చీమ చిటుక్కుమన్నా వినపడుతుందట. నాకైతే చీమ కాదు, ఏనుగు చిటుక్కుమన్నా వినపడదనుకో. నువ్వు మాత్రం అక్కడ ఏమేం వినిపిస్తాయో రాయి. చూసినవి టీవీలో నేనూ చూస్తాను. విన్నవి రాయి.

మీ మావయ్య కొబ్బరికాయల ధర పెరిగిందన్న సంతోషంలో కొత్త చెప్పులు కొన్నారు. రెండూ ఎడమ కాలివే. మార్చడానికి మొహమాటపడి అలాగే తొడుక్కుంటున్నారు.

ఇట్లు,
నీ మేనత్త
ఉమామహేశ్వరి


హైదరాబాదు,
22-6-2025, ఆదివారం.

అత్తయ్యా,

నీ సంచీ భద్రం. కళ్ళజోడు గుడ్డతో నేను మైక్రోస్కోపు అద్దం తుడుస్తున్నాను, కోప్పడకు.

ఏం వినిపిస్తాయో రాయమన్నావు. నిజం చెప్పనా? ఏమీ వినిపించవు. ఈ కాలనీలో ఇళ్ళన్నీ ఒక్కలాగే ఉంటాయి, అన్నింటికీ తలుపులేసే ఉంటాయి. కూరలు సంచుల్లో వచ్చి గుమ్మం ముందు కూర్చుంటాయి. ఎవరు తెచ్చారో, ఎవరు తీశారో కనిపించరు. నిశ్శబ్దంగా ఉంచినందుకు నెలనెలా మెయింటెనెన్సు కూడా కడతారట. గేటు దగ్గర వాచ్‌మన్‌కి నా పేరు తెలియదు. "మూడో లైను, పై రూము" అని పిలుస్తాడు. సుబ్బరాజుగారు చాలా మంచివారు. కానీ ఆయన అమెరికాలో కొడుకుతో మాట్లాడే వేళలు వేరు, నా డ్యూటీ వేళలు వేరు. నిన్న సాయంత్రం ఎందుకో గొంతు సవరించుకుంటే గుర్తొచ్చింది, లాబు నుంచి వచ్చాక అసలు నోరు విప్పలేదని.

ఇంకో సంగతి. మా లాబులో పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చేవాళ్ళు తెల్లారకముందే వరసలో ఉంటారు. నేను చీకటితోనే బయలుదేరాలి. ఆ వేళకి ఈ వీధుల్లో నేనూ కుక్కలూ తప్ప ఎవరూ ఉండరు. ఆటో బుక్ చేస్తే మెయిన్ రోడ్డు దాకా రమ్మంటారు. ఆ నడక నాకు నచ్చడం లేదత్తయ్యా. నాన్నకి చెప్పకు, భయపడతారు.

లాబులో నా పక్క సీటు బేబీ. పేరు బేబీ గానీ నాకంటే పదేళ్ళు పెద్దది. వాళ్ళది చిక్కడపల్లి. శుక్రవారం వాళ్ళింటికి తీసుకెళ్ళింది. అత్తయ్యా, ఆ సందులోకి అడుగు పెట్టగానే నాకు ఊపిరాడింది! జనం, కూరల బళ్ళు, పూలవాళ్ళు, మిరపకాయ బజ్జీలు, ట్యూషన్ల పిల్లలు, అరుగుల మీద కూర్చుని దారినపోయేవాళ్ళ గురించి వాళ్ళకి వినపడేలాగే మాట్లాడుకునే ముసలివాళ్ళు. లాబుకి అక్కణ్ణుంచి నడిచే పోవచ్చు. కూరగాయల మార్కెట్టు వెనక సందులో, ఇస్త్రీ బడ్డీ ఉన్న మేడ మీద ఒక పెంట్‌హౌస్ ఖాళీగా ఉంది. టు-లెట్ బోర్డు చూసి నేను మేడెక్కి కిటికీలోంచి కూడా చూశాను. చిన్నదే, కానీ నాకు చాలు. ఓనరు విజయగారట, ఊళ్ళో లేరు. వచ్చాక కలుస్తాను. ఇంటి నంబరు కవరు వెనక రాశాను, నాన్న అడిగితే చెప్పడానికి.

నాన్నతో నువ్వే మెల్లగా చెప్పాలి. నీ మాటయితే వింటారు.

ఇక్కడ నోరు విప్పలేక అక్కడికి పేజీలు నింపుతున్న,
రేవతి


పలివెల,
30-6-2025, సోమవారం.

రేవతీ,

దీవెనలు తరవాత. ముందు నాకు జవాబు చెప్పు. నీకేం ఖర్మ పట్టిందని పెంట ఇంట్లో ఉంటావు?

మీ నాన్న ఎదుట నీ ఉత్తరం చదువుతున్నాను. చీకట్లో నడక సంగతి నోట్లోనే దాచేసి, చిక్కడపల్లి దగ్గర మొదలుపెట్టాను. బజ్జీల దాకా బాగానే ఉన్నాడు. "కూరగాయల మార్కెట్టు వెనక పెంట..." అని చదివానో లేదో, చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు. నాకూ వింతగా తోచలేదు, మార్కెట్టు వెనకాల ఉండేది అదే కదా! "హౌస్" అంటే ఇల్లని మాకూ తెలుసు. ఆ రెండూ కలిపితే ఏమవుతుందో మేం ఇద్దరం చక్కగా కలుపుకున్నాం.

"పట్నంలో ఇళ్ళు దొరక్క పెంట మీద ఇల్లు కడితే, అందులో నా కూతురుంటాదా? రాజుగారింట్లో ఏం తక్కువైందక్కా?" అని ఒకటే గొడవ. అప్పటికప్పుడు నీకు ఫోను చేశాడు. నువ్వు ఎత్తలేదు. లాబులో ఫోను పెట్టెలో పెట్టేస్తారని నేను చెప్పినా వినలేదు. "ఫోను మీద దెబ్బలాడొద్దు, నేను రాస్తాను" అని ఒట్టేయించుకున్నాను.

నాకూ కోపంగానే ఉంది. సుబ్బరాజుగారికి ఎంతమందిచేత చెప్పించి ఆ గది అడిగామో నీకు తెలుసు. నిశ్శబ్దం బాగాలేదంటావేమిటి? నేను ఇరవై ఏళ్ళుగా నిశ్శబ్దంలోనే ఉన్నాను, నాకేమైంది?

ఇంకోటి, ఆషాఢం వచ్చేసింది. ఈ నెలలో ఇల్లు మారడమన్న మాటే ఎత్తకు. సామానుతో గడప దాటితే మీ నాన్న నన్ను కూడా గడప దాటనివ్వడు.

మీ మావయ్య చెప్పులు మార్చుకొచ్చారు. ఇప్పుడు రెండూ కుడివి.

అత్తయ్య


హైదరాబాదు,
6-7-2025, ఆదివారం.

అత్తయ్యా,

నీ ఉత్తరం లాబులో చదివి పడీపడీ నవ్వాను. బేబీకి చదివి వినిపిస్తే, చేతిలో ఉన్న సూది పక్కన పెట్టి మరీ నవ్వింది. పెంట కాదు అత్తయ్యా! మేడ మీద, డాబా పైన ఒక్క గది కడితే దాన్ని ఇక్కడ పెంట్‌హౌస్ అంటారు. గాలీ వెలుతురూ ఎంతయినా ఉంటాయి. నాన్నకి "డాబా గది" అని చెప్పు. ఆ ఒక్క ముక్క మొదటే రాసి ఉంటే బాగుండేది.

నవ్వడం అయిపోయింది. ఇప్పుడు ఏడుపు.

ఆ గది పోయింది. నా నోటితో నేనే పోగొట్టుకున్నాను.

గురువారం విజయగారు ఊరినుంచి వచ్చారని తెలిసి వెళ్ళాను. రిటైరైన లెక్కల టీచరు. ముక్కు మీద కళ్ళజోడు, చేతిలో వక్కపలుకుల డబ్బా. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. తరవాత షరతులు మొదలుపెట్టారు. "నల్లా నీళ్ళు పొద్దుగాల్నే వస్తయి, పట్టుకోవాలె" అన్నారు. నేను "ఆయ్" అన్నాను. "డాబా మీద నా వడియాలు ఎండుతయి, తొక్కొద్దు." "ఆయ్." "చుట్టాలొస్తే ముందుగాల చెప్పాలె." "ఆయ్." మన ఊళ్ళో పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే ఆయ్ అనకపోతే వినడం లేదనుకుంటారు కదా! నేను ఎంత మర్యాదగా ఉంటే ఆవిడ మొహం అంత ఎర్రబడుతోంది.

చివరికి లేచి నిలబడ్డారు. "ఏందమ్మా? నేనొక మాట చెప్పంగనే ఆయ్ అని గదమాయిస్తవు? నీ వయసెంత, నా వయసెంత? ఇల్లు నాదా, నీదా?"

కంగారులో ఏమన్నానో తెలుసా? "ఆయ్, తప్పయిపోయిందండి" అన్నాను.

తలుపేసేశారు.

వీళ్ళ వాడుకలో ఆయ్ అంటే అదిలించడమని బేబీ తరవాత చెప్పింది. మళ్ళీ వెళ్ళి చెబుదామంటే నాకు ధైర్యం లేదు. ఆ సందులో ఇంకో గది చూద్దామంటే అన్నీ నా జీతానికి అందనివే.

నీకోసం ఆ సందులో విన్నవన్నీ గుర్తు పెట్టుకున్నాను, రాయడానికి ఇప్పుడు మనసు రావడం లేదు. అయినా రాస్తాను. ఇస్త్రీ పెట్టె కింద తడిగుడ్డ చుయ్‌మంటుంది. పూలామె "మల్లె, మల్లె" అని ఒక్క మాటనే పాటలా సాగదీస్తుంది. మేడమీద ఎవరో వయొలిన్ నేర్చుకుంటున్నారు, పాపం ఎప్పటికీ రాదు. పాలప్యాకెట్ల ట్రేలు ధడధడా దింపుతారు. ఇవన్నీ నేను చీకటితో లాబుకి వెళ్ళే వేళకే మొదలవుతాయట.

ఇక్కడ, రాజుగారి పైగదిలో, ఫ్యాను తప్ప ఏదీ మాట్లాడదు. నీకు నిశ్శబ్దం అలవాటయిందన్నావు. నాకు కాలేదు అత్తయ్యా, కావాలని కూడా లేదు. ఒక్కోసారి అనిపిస్తోంది, నేనే వచ్చేస్తానేమో అని.

రేవతి


పలివెల,
11-7-2025, శుక్రవారం.

నా తల్లీ,

రెండు సంగతులు. ఒకటి మంచిది, ఒకటి కాదు.

మంచిది ముందు చెబుతాను. నీ ఆయ్ కథ చదివి నవ్వి, ఆ నవ్వు పూర్తికాకుండానే విజయగారికి కార్డు రాసి పోస్టులో వేశాను. ఇంటి నంబరు నువ్వే రాశావుగా. ఇలా రాశాను:

"విజయగారికి నమస్కారాలు. నేను రేవతి మేనత్తను, వాళ్ళ నాన్న దొరబాబుకి అక్కను. మా పిల్ల మిమ్మల్ని గదమాయించలేదండి. మా కోనసీమలో రెండు ఆయ్‌లున్నాయి. ఒకటి వింటున్నానని. రెండోది ఒప్పుకున్నానని. చెవికి రెండూ ఒకటే, మొహం చూస్తే తేడా తెలుస్తుంది. నాకు చెవులు సరిగా వినపడవు కాబట్టి మొహాలు చూసే బతుకుతున్నాను, నా మాట నమ్మండి. మీ ఎదుట అన్నది మొదటిది. మిమ్మల్ని గౌరవించడం ఎక్కువై ఇల్లు పోగొట్టుకుంది. మీ వడియాలకు వచ్చిన భయమేమీ లేదు, దానికి వడియాలు తినడమే తెలుసు."

ఆఖరి మాట రాయకుండా ఉండాల్సిందేమో. రాసేశాను.

ఇప్పుడు రెండోది. గోదారికి వరద ఎర్రనీళ్ళు వచ్చి దిండిలో బోట్లన్నీ కట్టేశారు. మీ నాన్నకి పని లేదు. సోమవారం దాకా ఆగకుండా నిన్ననే వచ్చి కూర్చున్నాడు. నేను పెరట్లో ఉండగా ఉత్తరం తనే తీసి కూడబలుక్కుని చదువుకున్నాడు. అంతా చదివాడో లేదో గానీ "నేనే వచ్చేస్తానేమో" దగ్గర వేలు పెట్టి నాకు చూపించాడు. వాడి మొహంలో అంత సంతోషం నేను చాలా కాలంగా చూడలేదు. "చూసేవా అక్కా, అదే వచ్చేస్తానంటంది" అన్నాడు. "ఏమో అందిరా, వస్తానని అనలేదు" అన్నాను. ఆ ఏమో వాడి కంటికి ఆనలేదు. ఇరవయ్యో తారీకు ఆదివారానికి అక్కడ దిగుతాడు. ఆ మరునాడు తీసుకొచ్చేస్తాడట. మీ అమ్మచేత నీ గది కడిగిస్తున్నాడు కూడా.

నేను చెప్పాల్సినవన్నీ చెప్పాను. వాడు నా మొహంలోకి చూడకుండా మాట్లాడితే నాకు సగమే అందుతుంది, ఆ సంగతి వాడికి బాగా తెలుసు.

పోయిన ఉత్తరంలో కోపంగా రాశాను. నాకేమైంది అన్నాను. నిజానికి చాలానే అయింది రేవతీ. పక్కన మాట్లాడే మనిషి ఉండి కూడా వినపడకపోవడం ఎలా ఉంటుందో నీకు తెలియాల్సిన పని లేదు. నీకు చెవులున్నాయి. ఆ పూలామె పిలుపు రోజూ వినే చోటే ఉండు. రాజుగారితో నేను మాట్లాడుకుంటాను.

కానీ మీ నాన్నకి నువ్వే చెప్పాలి. నా పూచీ ఇంతదాకానే పనికొచ్చింది.

అత్తయ్య


చిక్కడపల్లి,
22-7-2025, మంగళవారం.

అత్తయ్యా,

పైన ఊరి పేరు చూశావా?

నీ కార్డు అందిన రోజే విజయగారు ఫోను చేశారు. "రా" అన్నారు, పెట్టేశారు. వెంటనే వెళ్ళాను. నీ కార్డు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. "మీ అత్త మంచిగ రాసింది. వడియాలు ఎన్ని తింటవు?" అన్నారు. నేను ఏమనాలో తెలియక నోరు మూసుకున్నాను. "ఆయ్ అనవేంది, వింటున్నవా లేదా?" అని కేకేశారు. అప్పుడు నవ్వారు. తాళం ఇచ్చారు.

ఆషాఢం సంగతి చెప్పాను. సామాను మార్చడానికి లేదన్నాను. "సామాను శ్రావణంల తెచ్చుకో. మనిషి రావొచ్చు, చుట్టంగ ఉండు, చుట్టానికి ఏ నెలైతేంది?" అన్నారు. అందుకని రెండు జతల బట్టలూ చాపా తెచ్చుకుని చుట్టంలా ఉంటున్నాను.

ఇక నాన్న.

ఆదివారం పొద్దున్న, నేను ఫోనులో చెప్పిన గుర్తుల మీద ఇక్కడికే వచ్చి దిగారు. అత్తయ్యా, ఆ రోజు బోనాలు! సందు మొదటినుంచీ డప్పులు, తలల మీద బోనాలతో ఆడవాళ్ళు, పోతరాజు గెంతులు. నాన్న సంచీ గుండెకి హత్తుకుని జనం మధ్య ఇరుక్కుపోయి కనిపించారు. ఆ డప్పులు నీకు కూడా వినపడేవి, ఒట్టు. ఎలాగో మేడెక్కించాను. "ఇదేటమ్మా, రోజూ ఇలాగే ఉంటాదా?" అన్నారు. రోజూ కాదని చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

విజయగారు భోజనానికి పిలిచారు. నాన్న వరసబెట్టి ఆయ్‌లు. కూర వేస్తే ఆయ్, నీళ్ళు పోస్తే ఆయ్. ఆవిడ నావైపు చూసి కన్ను గీటారు. అంతా అయ్యాక సూటిగా అడిగేశారు, "పిల్లను తోలుకపోతరా, ఉంచుతరా? ఇక్కడ దానికి ఏ కష్టం రానియ్య. ఉంచుండ్రి."

నాన్న "ఆయ్" అన్నారు.

నా ప్రాణం లేచి వచ్చింది. కానీ విజయగారు వదల్లేదు. "దొరబాబుగారూ, ఇది విన్న ఆయా, ఒప్పుకున్న ఆయా?" అన్నారు.

నాన్న విస్తరాకు మడిచారు. "విన్నదేనండి" అన్నారు.

ఆ తరవాత ఆయనతో నేను మాట్లాడాను అత్తయ్యా. నువ్వు చెప్పమన్నావుగా. డాబా మీద నిలబడి చెప్పాను. "నాన్నా, వచ్చేస్తానేమో అని రాసింది నిజమే. అది రాజుగారి కాలనీలో ఉన్నప్పుడు. ఇక్కడికొచ్చాక ఆ మాట నాకు గుర్తు కూడా లేదు. నాకు ఇక్కడ ఉండాలని ఉంది. మీరు తీసుకెళితే వస్తాను, కానీ ఏడుస్తూ వస్తాను" అన్నాను. కింద డప్పులు మోగుతూనే ఉన్నాయి, సగం వినపడిందో లేదో కూడా తెలియదు.

నిన్న తెల్లారకముందు లాబుకి బయలుదేరితే నాన్నా వెంట వచ్చారు. అసలు అవమానం అక్కడ జరిగింది. సందులో అందరూ ఆయన్ని నిలదీశారు! ఇస్త్రీ ఆయన ముందు నాకు అడ్డంగా వచ్చి "ఎవరమ్మా ఈయన?" అన్నాడు. పూలామె బుట్ట దించి, నాన్నని కింద నుంచి పైదాకా చూసి, "నీకు తెలిసినోడేనా బిడ్డా?" అంది. పాల దుకాణం ఆవిడయితే "నిజంగ నాయనేనా? పోలిక లేదు" అంది. చచ్చినంత సిగ్గేసింది. ఇంత దూరం వచ్చిన మనిషిని దొంగని చూసినట్టు చూశారు. నాన్న ఒక్కరికీ జవాబు చెప్పలేదు. లాబు గుమ్మం దాకా వచ్చి, నా తలమీద చెయ్యి పెట్టి, "మధ్యాన్నం బస్సుకి వెళ్ళిపోతానమ్మా" అన్నారు. నన్ను రమ్మనలేదు. ఉండమని కూడా అనలేదు.

ఆయనకి కోపం వచ్చిందనుకుంటున్నాను. ఫోను చేస్తే "చేరేను" అని పెట్టేశారు. ఆషాఢం మరో రెండు రోజుల్లో వెళ్ళిపోతుంది. నన్నేం చేయమంటారో నాకు తెలియడం లేదు. నువ్వే కనుక్కుని రాయి. త్వరగా రాయి.

చుట్టంలా ఉన్న,
రేవతి


దిండి,
27-7-2025, ఆదివారం.

రేవతీ,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. మీ మావయ్య కొబ్బరికాయల లోడు హైదరాబాదు వెళుతోంది, ఆ డ్రైవరు చేతికిస్తున్నాను. ఎందుకో చెబుతాను.

శ్రావణ శుక్రవారం పూజకి మీ అమ్మ రమ్మంటే ఇక్కడికి వచ్చాను. మీ నాన్న ఊరినుంచి వచ్చిన దగ్గర్నుంచి ఎవరితోనూ సరిగా మాట్లాడలేదట. బోటు ఇంజను విప్పడం, తుడవడం, మళ్ళీ బిగించడం. పూజ అయ్యాక ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, "నా మొహంలోకి చూసి చెప్పరా, ఏం చేద్దామనుకుంటున్నావు" అని అడిగాను.

అప్పుడు చెప్పాడు. నువ్వు అవమానమని రాశావే, అదే చెప్పాడు. "అక్కా, నా కూతురి పక్కన నేను నడుస్తుంటే నన్ను ముగ్గురు ఆపేరు. ఎవడివి నువ్వని అడిగేరు. అది ఆ వీధికొచ్చి పట్టుమని వారం కాలేదు. రాజుగారి కాలనీ కూడా చూసొచ్చేను, గేటు కాడ పుస్తకంలో సంతకం పెట్టించుకుని వదిలేసేరు, మరింకెవడూ అడగలేదు. ఈళ్ళు సంతకం అడగలేదక్కా. మొహం చూసేరు" అన్నాడు. అంటూ నవ్వాడు. నీమీద కోపం లేదు, వాళ్ళమీద అసలే లేదు. ఆ పాలావిడ పోలిక లేదన్నందుకు మాత్రం కొంచెం నొచ్చుకున్నాడు.

డాబా మీద నువ్వు చెప్పింది మొత్తం విన్నాడట. డప్పుల్లో కూడా.

అంతవరకే చెప్పి లేచి వెళ్ళాడు. ఇంకేమైనా అంటాడేమోనని మేం కూర్చునే ఉన్నాం. లోపల్నుంచి ఏదో కొడుతున్న చప్పుడు. నాకు వినపడలేదు, మీ అమ్మ ఉలిక్కిపడితే తెలిసింది. వెళ్ళి చూస్తే, నీ గదిలో నేల మీద కూర్చుని నీ మంచం విప్పుతున్నాడు. తలవైపు పట్టె తీసేశాడు, కోళ్ళు ఊడదీస్తున్నాడు.

మీ అమ్మ కంగారుపడిపోయింది. "ఏటండీ ఇది? గది కడిగించేరు, పక్క దులిపించేరు, ఇప్పుడు మంచం విప్పేస్తే అది వచ్చి ఎక్కడ పడుకుంటాది?" అంది.

"వచ్చినప్పుడు మన దగ్గిర చాప మీద పడుకుంటాదిలే. రోజూ అక్కడ చాప మీద పడుకుంటంది" అన్నాడు.

మాట మామూలుగానే అన్నాడు. కానీ నేను మొహం కదా చూసేది. ఏడుస్తున్నాడు.

కోళ్ళు గోనెలో చుట్టి, పట్టెలకి కొబ్బరిపీచు కట్టి, తనే అంబాజీపేట దాకా తీసుకెళ్ళి లారీ ఎక్కించి వచ్చాడు. కాయల మీద కాదు, డ్రైవరు వెనక, తడవని చోట పెట్టించాడు. బిగించడానికి ఇస్త్రీ ఆయన్ని సాయం పిలవమన్నాడు. ఆయనైతే నమ్మకస్తుడట. డ్రైవరుకి ముందు అన్నం పెట్టు, మంచం తరవాత దింపుకోవచ్చు.

ఇట్లు,
నీ మేనత్త
ఉమామహేశ్వరి